సెకండ్ హ్యాండ్ లగ్జరీ ఎస్‌యూవీ: మన తీరపు తేమలో చాలాకాలం వాడాక తేలిన లోపాలు, రీకాల్ తిప్పలు

బండి యూరప్ కంపెనీది. మూడు లీటర్ల ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజిన్, స్ప్రింగుల బదులు గాలి బెలూన్ల మీద నిలిచే ఎయిర్ సస్పెన్షన్, పైన పెద్ద గాజు సన్‌రూఫ్. వయసు పదేళ్లు దాటింది. వేరే రాష్ట్రం నుంచి వచ్చి రెండో ఓనర్ చేతిలో శ్రీకాకుళంలో తిరుగుతోంది. కంపెనీ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పేవి ఆ వయసు, ఆ తరగతి బళ్లు చాలావాటికి వర్తిస్తాయి.

నడక గురించి రెండు మాటల్లో చెప్పేస్తాను. ఎన్‌హెచ్ 16 మీద ఇచ్ఛాపురం దాకా వెళ్లొచ్చినా నడుం పట్టదు. లారీల మధ్య ఓవర్‌టేక్‌కు ఇంజిన్ ఎప్పుడూ తడుముకోదు. హైవేలో లీటరుకు పది, పదకొండు ఇస్తుంది, టౌన్‌లో ఏడెనిమిది. సీట్లకూ హెడ్‌లైట్లకూ వంక పెట్టలేం. పాతికో ముప్పయ్యో లక్షల కొత్త బండిలో ఈ సుఖం దొరకదు, అందుకే జనం వీటి వెనక పడతారు.

అసలు చిక్కు రీకాల్‌తో, అంటే లోపం బయటపడిన బళ్లను కంపెనీ వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేసే పనితో. రీకాల్ పడేది ఛాసిస్ నంబరు మీద, ఉత్తరం మాత్రం కంపెనీ రికార్డులో ఉన్న ఓనర్ అడ్రస్‌కు వెళ్తుంది. చాలాసార్లు అది మొదటి ఓనర్ అడ్రసే. పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు ఢిల్లీ పరిసరాల్లో తిరగకూడదని 2015లో ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. ఆ తర్వాత అక్కడి డీజిల్ లగ్జరీ బళ్లు ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) పట్టుకుని మిగతా రాష్ట్రాలకు చవగ్గా వచ్చాయి. ఢిల్లీలో మొదటి ఓనర్, మధ్యలో ఓ బ్రోకరు, ఇక్కడ మనం. ఎయిర్‌బ్యాగ్ మార్చుకోమని కంపెనీ మూడుసార్లు రాసినా ఆ కాగితం అరసవల్లి దాకా రాదు.

చట్టం అండ కూడా పాత బండికి తక్కువే. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో, లోపమున్న బళ్లను వెనక్కి పిలవమని కంపెనీని ఆదేశించే అధికారం ప్రభుత్వానికిచ్చే 110ఏ సెక్షన్ వచ్చింది. తప్పనిసరి రీకాల్ నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. అవి ఏడేళ్లలోపు బళ్లకే. అంతకు మించిన వయసుంటే కంపెనీ తనంతట తాను ప్రకటించిన రీకాలే దిక్కు. అలా ప్రకటించినవి ఏళ్లు గడిచినా ఉచితంగానే చేస్తారు. మనం వెళ్లి అడగాలి, అంతే.

అడగాలంటే ముందు ఛాసిస్ నంబరు సరిగ్గా ఉండాలి. పదిహేడు అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి. ముందు అద్దం కింద మూలలో ఒకచోట, డోరు తెరిస్తే పిల్లర్ మీద స్టిక్కర్‌పై మరోచోట, బాడీ మీద చెక్కి ఇంకోచోట కనిపిస్తుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో ఐ, ఓ, క్యూ ఇందులో వాడరు. కాబట్టి గుండ్రంగా ఉన్నది సున్నా, నిలువు గీత ఒకటి. ఈ చిన్న సంగతి తెలియక తప్పు నంబరు కొట్టి, రీకాల్ లేదనుకుని ఊరుకునేవాళ్లున్నారు. ఆర్‌సీలో ఉన్న నంబరు, బండి మీద చెక్కినది, అద్దం కిందది మూడూ కలవాలి. కలవకపోతే బేరం అక్కడితో ఆపేయండి. కలిస్తే కంపెనీ ఇండియా వెబ్‌సైట్‌లో చూడండి, సియామ్ (బళ్ల తయారీ కంపెనీల సంఘం) వెబ్‌సైట్‌లో ఉన్న స్వచ్ఛంద రీకాల్ జాబితా చూడండి. ఆపైన అధికారిక వర్క్‌షాప్ కౌంటర్లో ‘ఈ ఛాసిస్ మీద ఓపెన్ క్యాంపెయిన్లు ఏమున్నాయి’ అని అదే మాటతో అడగండి. ‘రీకాల్ ఉందా’ అని ఊరికే అడిగితే చాలాసార్లు లేదనే అంటారు. వాళ్ల కంప్యూటర్లో అది క్యాంపెయిన్ పేరుతోనే ఉంటుంది, సర్వీస్ క్యాంపెయిన్ వేరు, సేఫ్టీ క్యాంపెయిన్ వేరు. రెండూ ప్రింట్ తీసి ఇమ్మనండి.

అన్నింటికంటే ముందు చూడాల్సింది ఎయిర్‌బ్యాగ్. టకాటా కంపెనీ ఇన్‌ఫ్లేటర్లు (ఎయిర్‌బ్యాగ్‌ను గ్యాస్‌తో ఉబ్బించే డబ్బాలు) చాలా కంపెనీల బళ్లలో ఉన్నాయి, లగ్జరీ బళ్లలో కూడా. ఒక్క అమెరికాలోనే సుమారు 6.7 కోట్ల ఇన్‌ఫ్లేటర్లు రీకాల్‌లోకి వచ్చాయి, 2017 జూన్‌లో టకాటా దివాలా తీసింది. లోపం ఏమిటంటే, గ్యాస్ పుట్టించడానికి వాడిన అమ్మోనియం నైట్రేట్ బిళ్లలు తేమ పీల్చుకుంటాయి. పగటి వేడి, రాత్రి చల్లదనం ఏళ్ల తరబడి మారుతూ ఉంటే బిళ్ల గుల్లబారుతుంది. ఢీకొన్నప్పుడు మండాల్సిన వేగం కంటే చాలా ఎక్కువ వేగంగా మండి, ఆ ఒత్తిడికి ఇనుప డబ్బానే పగులుతుంది. ముక్కలు ఎయిర్‌బ్యాగ్ గుడ్డను చీల్చుకుని మెడకూ ముఖానికీ తగులుతాయి. అమెరికాలో ఫ్లోరిడా, గల్ఫ్ తీరం, హవాయి లాంటి ఉక్కపోత ప్రాంతాలను మొదటి జోన్‌గా పెట్టి, అక్కడి బళ్లకే ముందు కొత్త పార్టులు ఇచ్చారు. కళింగపట్నం, భావనపాడు, భోగాపురం వైపు గాలి ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. పొడి ఊళ్లో పదేళ్లు నిలిచిన ఇన్‌ఫ్లేటర్ ఇక్కడికొచ్చాక అదే లెక్కన నిలుస్తుందని అనుకోకూడదు.

‘మీటర్లో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలగడం లేదు కదా’ అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు. ఆ లైటు చూసేది తీగలు, కనెక్టర్లు, సెన్సర్లు, ఇగ్నైటర్ (బిళ్లను అంటించే భాగం) రెసిస్టెన్స్ లాంటి కరెంటు సంగతుల్నే. డబ్బాలో బిళ్ల గుల్లబారిందో లేదో ఏ స్కానరూ చెప్పలేదు. ఛాసిస్ నంబరుతో వెతకడం తప్ప వేరే దారి లేదు.

కానీ ఆ లైటు ఇంకో మోసాన్ని పట్టిస్తుంది. ఇగ్నిషన్ ఆన్ చేయగానే అది వెలిగి, కొన్ని సెకన్లకు ఆరిపోవాలి. అసలు వెలగకపోతే దాన్ని కావాలని చంపేసినట్టే. వెలిగి ఆరినా సరిపోదు. ఒకసారి పేలిన ఎయిర్‌బ్యాగ్ స్థానంలో కొత్తది వేయకుండా కనెక్టర్లో చిన్న రెసిస్టర్ గుచ్చి లైటు ఆర్పే పని మన చుట్టుపక్కల షెడ్లలోనూ జరుగుతుంది. డాష్‌బోర్డు కుడి ఎడమ భాగాల రంగు, గరుకుదనం ఒకేలా ఉన్నాయా చూడండి. స్టీరింగ్ మధ్య మూత అంచు సమానంగా కూర్చుందా చూడండి. స్కానర్‌తో ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్‌లో (దాన్ని నడిపే చిన్న కంప్యూటర్‌లో) క్రాష్ డేటా చదివించండి. ఇంజిన్ కోడ్ మాత్రమే చదివే చవక స్కానర్ దీనికి చాలదు, ఆ కంపెనీ మాడ్యూళ్లన్నీ తెరవగలిగినది కావాలి.

హారన్ పనిచేయలేదనో, పెద్ద స్క్రీన్ పెట్టాలనో స్టీరింగ్ విప్పించేటప్పుడు బ్యాటరీ నెగటివ్ తీసి, మాన్యువల్‌లో చెప్పినంత సేపు ఆగాలి. సాధారణంగా పది నిమిషాలు. మాడ్యూల్ కెపాసిటర్లో కరెంటు అప్పటిదాకా నిలిచే ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్ కనెక్టర్లకు మల్టీమీటర్ అసలు పెట్టకూడదు. స్క్రాప్‌లో దొరికే ఎయిర్‌బ్యాగ్ ఎంత చవగ్గా వచ్చినా వద్దు. అది ఏ బండిదో, ఏ రీకాల్‌లోదో ఎవరికీ తెలియదు.

తేమకు బలయ్యే రెండోది బ్రేక్ బూస్టర్, అంటే పెడల్ మీద మన కాలి బలాన్ని పెంచే డబ్బా. మెర్సిడెస్ బెంజ్ 2004 నుంచి 2015 దాకా తయారైన ఎంఎల్, జీఎల్, ఆర్ క్లాస్ బళ్లను 2022లో ప్రపంచమంతటా కలిపి దాదాపు పది లక్షలు వెనక్కి పిలిచింది. బూస్టర్ డబ్బా అతుకు దగ్గర నీరు నిలిచి తుప్పు పట్టి, వ్యాక్యూమ్ లీకయ్యే లోపం అది. మరమ్మతు అయ్యేదాకా బండి నడపొద్దని అమెరికాలోని ఓనర్లకు కంపెనీ చెప్పింది. మీ బండి ఆ జాబితాలో లేకపోయినా ఈ పరీక్ష చేయండి. ఇంజిన్ ఆపి, పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కండి. తొక్కిపట్టి ఇంజిన్ స్టార్ట్ చేస్తే పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగలేదంటే బూస్టర్ సాయం లేదు. తర్వాత ఇంజిన్ నడుస్తుండగా పెడల్ తొక్కి, అలాగే పట్టుకుని ఇంజిన్ ఆపి, ముప్పై సెకన్లు చూడండి. పెడల్ కాలిని పైకి నెట్టకూడదు. బ్రేక్ తొక్కినప్పుడు కాళ్ల దగ్గర ‘స్‌స్’ మని గాలి శబ్దం వస్తే బండి అక్కడే ఆపి ట్రక్కు మీద పంపించండి. బూస్టర్ పోతే బ్రేకు పూర్తిగా పోదు గానీ, రెండు టన్నుల పైచిలుకు బండిని ఆపడానికి ఒంటికాలి బలం చాలదు.

పెడల్ దగ్గరే ఉన్న మరో సంగతి: 2016లో పోర్షె కయెన్, ఫోక్స్‌వ్యాగన్ టౌరెగ్ కలిపి సుమారు ఎనిమిది లక్షల బళ్లను పెడల్ బ్రాకెట్‌లో సర్‌క్లిప్ (బిగింపు జారకుండా పట్టే చిన్న రింగు) ఊడే అవకాశం ఉందని పిలిచారు. చూడ్డానికి కొద్ది నిమిషాల పని. ఇలాంటి చిన్న క్యాంపెయిన్లే పాత బళ్లలో ఎక్కువగా పెండింగ్‌లో ఉండిపోతాయి.

బ్రేక్ ఆయిల్ కూడా తేమ పీలుస్తుంది. రెండేళ్లకోసారి తప్పక మార్చాలి. ఒడిశా వైపు నుంచి సాలూరుకు ఘాట్ దిగేటప్పుడు పాత ఆయిల్ మరిగి పెడల్ మెత్తబడితే తెలుస్తుంది దాని విలువ.

సన్‌రూఫ్ గురించి షోరూమ్‌లో ఎవరూ చెప్పరు. నాలుగు మూలల నుంచి నాలుగు సన్నటి గొట్టాలు పిల్లర్లలోంచి కిందికి దిగుతాయి. దుమ్ము, వేపాకు చేరి అవి మూసుకుపోతే వాన నీరు పైకప్పు గుడ్డలోంచి కార్పెట్ కిందికి చేరుతుంది. కార్పెట్ కింద మందపాటి నురుగు ఉంటుంది, పైన పొడిగా కనిపిస్తూనే లోపల నెలల తరబడి నీరు పట్టి ఉంచుతుంది. ముందు సీట్ల కింద ఉండే పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్, బెల్టు టెన్షనర్లవి. వాటి పిన్నులు పచ్చబడితే ఎయిర్‌బ్యాగ్ లైటు వస్తుంది, కొన్ని బళ్లలో కార్పెట్ కింద ఉన్న మాడ్యూళ్లు కూడా పోతాయి. ఒక్కో మూలలో అరలీటరు నీళ్లు మెల్లగా పోసి, కింద చక్రం దగ్గర కారుతున్నాయో లేదో చూడండి. మూసుకుపోతే కంప్రెసర్ గాలి కొట్టించకండి, లోపల గొట్టం బిగింపు ఊడి కష్టం రెట్టింపవుతుంది. చేపల వలకు వాడే లావుపాటి నైలాన్ దారం చివర కాస్త గుండ్రంగా కాల్చి తోస్తే శుభ్రంగా వస్తుంది. ఏటా జూన్‌కు ముందు ఒకసారి, తుపాన్ల నెల అక్టోబర్‌కు ముందు ఇంకోసారి చేస్తే చాలు.

డీజిల్ బండికి ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లబరిచే భాగం) ఇంకో ప్రమాదం. 2018లో దక్షిణ కొరియాలో బీఎండబ్ల్యూ డీజిల్ కార్లు వరసగా తగలబడ్డాక లక్షకు పైగా వెనక్కి పిలిచారు. కూలర్లోంచి కూలెంట్ లీకై మసితో కలిసి పేరుకుంటుంది, వేడి పొగ తగిలితే అంటుకుంటుంది. బయట ఎక్కడా చుక్క కనిపించకుండా కూలెంట్ తగ్గుతుంటే మొదటి అనుమానం దీనిమీదే ఉండాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు లెవెల్ చూసి ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకుంటే తగ్గుదల తెలుస్తుంది. తగ్గిందని బోరునీళ్లు పోయడం ఇక్కడ మామూలైపోయింది. కంపెనీ చెప్పిన కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయాలి. మళ్లీ తగ్గితే ప్రెషర్ టెస్ట్ చేయించండి, మూత మీద రాసిన ప్రెషర్ దాటించకుండా.

ఎయిర్ సస్పెన్షన్‌ది ఖర్చే తప్ప అంత భయం కాదు. రాత్రి సమతలంగా ఆపి, పొద్దున్నే చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచుకు నాలుగు వైపులా టేపుతో కొలవండి. ఒక మూల బాగా కుంగితే అక్కడ బెలూన్ లీకు. అలాగే నడిపితే కంప్రెసర్ ఆగకుండా తిరిగి అదీ కాలిపోతుంది.

కొనేముందు వరద బండేమో చూడటం మన దగ్గర మరీ అవసరం. 2014 హుద్‌హుద్ తుపానులో విశాఖ, 2015 డిసెంబర్‌లో చెన్నై, 2018 తిత్లీ తుపానులో మన జిల్లా మునిగాయి. తడిసిన బళ్లు పాలిష్ పట్టి మార్కెట్‌కు వస్తాయి. సీటు బెల్టు పూర్తిగా చివరిదాకా లాగండి, మట్టి చార అక్కడే నిలిచి ఉంటుంది. స్టెప్నీ గుంతలో చూడండి, సీటు బిగించిన బోల్టుల తుప్పు చూడండి. తడిసిన బండిలో ఏ రీకాల్ పార్టు మార్చినా కనెక్టర్లు నమ్మలేం.

ఇక రీకాల్ పని చేయించుకోవడం. అధికారిక వర్క్‌షాప్ అంటే విశాఖ వెళ్లాల్సిందే, శ్రీకాకుళం నుంచి వంద కిలోమీటర్లకు పైనే, విజయనగరం నుంచి అరవై దాకా. ముందు ఛాసిస్ నంబరు పంపి, పార్టు తెప్పించి, వచ్చిందని మెసేజో మెయిలో అందాకే బయల్దేరండి. లేకపోతే ‘పార్టు ఆర్డర్ పెట్టాం’ అని వెనక్కి పంపుతారు. రీకాల్‌తో పాటు పెయిడ్ సర్వీస్ చేయించాలని ఒత్తిడి పెడితే ఒప్పుకోనక్కర్లేదు. జాబ్ కార్డు రీకాల్‌కు విడిగా తెరిపించండి. బిల్లు సున్నా ఉండాలి, క్యాంపెయిన్ కోడ్, కొత్త పార్టు నంబరు అందులో రాసి ఉండాలి. బయటికొచ్చే ముందు అదే కంప్యూటర్లో క్యాంపెయిన్ ‘క్లోజ్డ్’ అని పడిందో లేదో చూపించమనండి. పని చేసి ఎంట్రీ వేయకపోవడం, ఎంట్రీ వేసి పని చేయకపోవడం రెండూ జరుగుతాయి. నడవలేని బండిని ఫ్లాట్‌బెడ్ మీదే పంపాలి. నాలుగు చక్రాలకూ డ్రైవ్ ఉన్నవాటిని ముందు రెండు చక్రాలు ఎత్తి లాగితే గేర్‌బాక్స్ దెబ్బతింటుంది.

వర్క్‌షాప్ పట్టించుకోకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కు రాతపూర్వకంగా, తర్వాత 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పండి. ఏడేళ్లలోపు బండికైతే కేంద్ర రవాణా శాఖ వాహన్ పోర్టల్‌లో లోపం మీద ఫిర్యాదు నమోదు చేయవచ్చు. లోపాల మీద ఫిర్యాదుల సంఖ్య ఒక స్థాయి దాటితేనే తప్పనిసరి రీకాల్ విచారణ మొదలవుతుంది, కాబట్టి ప్రతి ఫిర్యాదూ లెక్కలోకే వస్తుంది. ఏం అవుతుందిలే అని వదిలేయొద్దు.

ఆర్‌సీ మన పేరు మీదికి మారడానికి 29, 30 ఫారాలు, బయటి రాష్ట్రం బండికి 28 ఫారంతో ఎన్‌ఓసీ కావాలి. బ్రోకర్లు ఇక్కడితో పని అయిపోయిందంటారు. ఆర్‌సీ చేతికొచ్చిన వారంలోనే దాని కాపీ, మీ ఫోన్ నంబరు, ఇంటి అడ్రస్ కంపెనీ కస్టమర్ కేర్‌కు మెయిల్ చేసి, ఆ ఛాసిస్‌కు ఓనర్ వివరాలు మార్చమనండి, మార్చినట్టు జవాబు తీసుకోండి. రేపు బండి ఇంకొకరికి అమ్మేటప్పుడు రీకాల్ జాబ్ కార్డులన్నీ ఫైల్లో పెట్టి కొన్నవారికి ఇవ్వండి, వాళ్ల చేత కూడా ఇదే మెయిల్ పంపించండి.