చీమకుర్తి నుంచి అబెర్డీన్‌కు: మిక్స్‌డ్ కర్లింగ్ చూసిన వారం

చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ నడుపుకునే నాకు కర్లింగ్ మొదట ఆటగా కాక రాయిగా పరిచయమైంది. మంచు మీద గురి వైపు జారించే ఆ గుండ్రని రాళ్లను స్కాట్లాండ్ పడమటి సముద్రంలోని ఐల్సా క్రెయిగ్ దీవి గ్రానైట్‌తో చేస్తారని, అక్కడి తూర్పు తీర నగరం అబెర్డీన్‌లో చదువుకుంటున్న మా మేనల్లుడు ఒకసారి ఫోనులో చెప్పాడు. 2022 అక్టోబరులో ప్రపంచ మిక్స్‌డ్ కర్లింగ్ చాంపియన్‌షిప్ ఆ ఊళ్లోనే జరుగుతోందని తెలియగానే, వాణ్ని చూసినట్టూ ఉంటుంది, ఆ రాయిని చూసినట్టూ ఉంటుందని బయలుదేరాను.

ఎడిన్‌బరా నుంచి అబెర్డీన్‌కు రైలులో రెండున్నర గంటలు పడుతుంది. కుడివైపు కిటికీ సీటు దొరికేలా చూసుకోవడం మంచిది, ఎందుకంటే ఫోర్త్ వంతెన, టే వంతెన దాటాక అర్‌బ్రోత్ దగ్గర, మళ్లీ స్టోన్‌హేవెన్ దాటాక సముద్రం చాలాచోట్ల ఆ వైపే కనిపిస్తుంది.

బస విషయంలో మాత్రం నేను తప్పుచేశాను. ఊరి నడిబొడ్డున ఉంటే అన్నీ దగ్గరగా ఉంటాయనుకుని యూనియన్ స్ట్రీట్ పక్క సందులో ఒక గెస్ట్‌హౌస్‌లో గది తీసుకున్నాను. గది వెచ్చగా ఉంటుందని ప్రకటనలో రాసిన ఆ యజమాని, హీటర్లు సాయంత్రం ఆరు తర్వాతే వేస్తామన్న సంగతి నేను తాళంచెవి తీసుకున్నాక చెప్పాడు. తెల్లవారుజామున సీగల్ పక్షుల అరుపులకు నిద్ర పట్టలేదు సరికదా, పోటీలు జరిగే కర్ల్ అబెర్డీన్ అనే మంచు రింక్ ఊరికి పడమటి వైపు ఇళ్ల మధ్య ఉండటంతో, ఉదయం ఆటకు చేరాలంటే టిఫిను మానుకుని బస్సు కోసం పరుగెత్తాల్సి వచ్చింది. రెండు రాత్రులు ఓర్చుకుని, రింక్ దగ్గరలో ఒక కుటుంబం అద్దెకిచ్చే గదికి మారాను. అద్దెలో పెద్ద తేడా లేదు, కానీ మధ్యాహ్నం ఆట ముగిశాక నడిచి వచ్చి గంటసేపు నడుం వాల్చి మళ్లీ సాయంత్రం ఆటకు వెళ్లగలిగాను. ఈ పోటీ కోసం వెళ్లేవారు ఊరి అందం చూసి కాక రింక్‌కు ఉన్న దూరం చూసి గది తీసుకోవాలని నా సలహా.

రింక్‌లో కూర్చునే చోట్లు రెండు రకాలు. గాజు అద్దాల వెనుక బల్లల దగ్గర వెచ్చగా ఉంటుంది, కాఫీ దొరుకుతుంది, ఆరు షీట్లూ, అంటే ఆట ఆడే పొడవాటి మంచు పట్టీలన్నీ, ఒకేసారి కనిపిస్తాయి. మంచు పక్కన ఉన్న కుర్చీలలో ఉన్ని కోటు, గ్లౌజులు లేకుండా అరగంట కూర్చోలేం. అయినా నేను రెండోదే ఎంచుకుంటాను, ఎందుకంటే అద్దం వెనుక నుంచి ఈ ఆట సగమే తెలుస్తుంది. మంచు మీద నీటి తుంపరలు చల్లి గడ్డకట్టించిన సన్నని బొడిపెల మీదుగా దాదాపు ఇరవై కిలోల రాయి సాగుతుంటే, తిరగలి తిరిగినట్టు ఒక గుర్రుమనే చప్పుడు వస్తుంది. స్వీపర్లు రాయి ముందున్న మంచును బ్రష్షులతో రుద్దుతూ పరుగెత్తుతారు, జట్టును నడిపించే స్కిప్ అవతలి కొస నుంచి గట్టిగా అరుస్తారు. ఆ అరుపుల్లో ఏ భాష ఎవరిదో తెలుసుకోవడమే నాకు మొదటి రోజు కాలక్షేపం.

ముప్పైకి పైగా దేశాలు వచ్చిన ఈ పోటీలో ఒక్కో జట్టులో ఇద్దరు పురుషులు, ఇద్దరు స్త్రీలు ఉంటారు. రాళ్లు వేసే వరుసలో ఒకరి తర్వాత ఒకరుగా స్త్రీ పురుషులు మారాలి, స్కిప్, ఆ తర్వాతి స్థానంలోని వైస్ స్కిప్ ఇద్దరూ ఒకే లింగానికి చెందినవారు కాకూడదు, అదనపు ఆటగాడు ఉండడు. స్కిప్ రాయి వేసేటప్పుడు వైస్ స్కిప్ హౌస్‌లో, అంటే రాయి చేరాల్సిన గురి వలయాల్లో, నిలబడి గురి చూపించాలి కనుక, ఎనిమిది ఎండ్‌ల (ఆటలోని విడతల) పొడవునా వారిద్దరి సంప్రదింపులు నడుస్తూనే ఉంటాయి. మంచు పక్కన కూర్చున్నవారికి అవన్నీ వినిపిస్తాయి. ఒక ఎండ్ చివర రెండు రాళ్లలో ఏది బటన్‌కు, అంటే హౌస్ నడిమధ్య బిందువుకు, దగ్గరో కంటికి తేలకపోతే కొలిచే పరికరం తెచ్చారు. ముల్లు ఎటు కదులుతుందోనని రెండు జట్ల వైస్ స్కిప్‌లు మోకాళ్ల మీద వంగి చూశారు, తేడా తేలగానే ఓడినవారే మొదట చెయ్యి చాపారు.

విరామంలో మా మేనల్లుడు అడిగితే ఒక నిర్వాహకుడు నన్ను పక్కన పెట్టిన రాయి దగ్గరకు తీసుకెళ్లాడు. మేము గెలాక్సీ గ్రానైట్‌ను అద్దంలా మెరిసేదాకా రుద్దుతాం. ఈ రాయికి పై భాగమే నున్నన, మరో రాయిని తాకే నడుము పట్టీని గరుకుగా ఉంచారు. అడుగు లోపలికి గుంటగా ఉండి, మంచును తాకేది కొన్ని మిల్లీమీటర్ల వెడల్పున్న వలయం మాత్రమే. రాయి వంపు తిరిగేందుకు ఆ వలయాన్ని కూడా కావాలనే గరుకు చేస్తారట. నీటిని దాదాపు పీల్చని రాయి కావడంవల్లనే ఐల్సా క్రెయిగ్ గ్రానైట్‌కు అంత గిరాకీ, లేకపోతే లోపలికి చేరిన తేమ గడ్డకట్టి రాయి పెచ్చులూడుతుంది. “మావయ్యా, ఇక్కడికి వచ్చి కూడా రాయేనా?” అని వాడు నవ్వాడు.

తిండి సంగతి రెండు ముక్కల్లో ముగిస్తాను. పూర్వం సముద్రంలోకి వెళ్లే జాలరులు వెంట పట్టుకెళ్లేవారని చెప్పే రోవీ అనే ఉప్పటి, కొవ్వు జిడ్డున్న రొట్టె నాకు నచ్చింది. పొగబెట్టిన చేపతో చేసే కల్లెన్ స్కింక్ అనే సూపు మా ఇంటి చేపల పులుసు పక్కన చప్పగా అనిపించింది, అయితే రింక్ నుంచి వణుకుతూ వచ్చినవాడికి అదే దక్కినా చాలు.

ఫైనల్లో కెనడా స్కాట్లాండ్‌ను ఓడించింది. సొంతగడ్డ జట్టు ఓడినా జనం ఇరువురికీ చప్పట్లు కొట్టారు. కానీ సెలవు తక్కువున్నవారు ఫైనల్ కోసం ఆగనక్కర్లేదు. తొలి రోజుల గ్రూపు ఆటల్లో ఆరు షీట్ల మీద పన్నెండు దేశాలు ఒకేసారి ఆడుతుంటాయి, కుర్చీలు సులువుగా దొరుకుతాయి, ఓడి బయటికి వచ్చిన ఆటగాళ్లు పక్కనే కూర్చుని తమ తప్పులేమిటో మీకు చెబుతారు.

తిరుగు ప్రయాణంలో గ్లాస్గో వైపు వెళ్తూ స్టిర్లింగ్‌లో దిగి, స్మిత్ మ్యూజియంలో 1511 అన్న సంవత్సరం చెక్కిన కర్లింగ్ రాయిని చూశాను. ప్రవేశ రుసుము లేదు. పాలిష్ ఎరగని ఆ రాయి ముందు నేను చాలాసేపే నిలబడ్డాను, రైలు ఒకటి తప్పిపోయింది.