ఫ్రీ ఆప్టిట్యూడ్ టెస్ట్ తర్వాత ఓటీపీ అడిగితే ఆగండి: ఫైనాన్స్ కోర్సు కొనేవాళ్లకు జాగ్రత్త

బీకాం, ఎంబీఏ అయ్యాక ఫైనాన్స్‌లో అడుగుపెట్టాలనుకునేవాళ్లకు, వాళ్ల అమ్మానాన్నలకు ఈ హెచ్చరిక. "ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ కెరీర్, జాబ్ గ్యారంటీ, ముందు ఉచిత ఆప్టిట్యూడ్ టెస్ట్ రాయండి" అని ఇన్‌స్టాలోనో వాట్సాప్‌లోనో ప్రకటన వస్తుంది. టెస్ట్ రాసిన గంటలోపే ఫోన్ చేసి, సెలెక్ట్ అయ్యారు, 30 శాతం స్కాలర్‌షిప్ వచ్చింది, సాయంత్రంలోగా సీటు బ్లాక్ చేసుకోండి అంటారు. మోసపోయేది ఆ తొందరలోనే.

నిజమైన వడపోత ఎలా ఉంటుందో ప్రభుత్వ బ్యాంకుల్లో ఆఫీసర్ ఉద్యోగాలకు జరిగే ఐబీపీఎస్ పీవో తొలి దశ పరీక్ష (ప్రిలిమ్స్) చూస్తే తెలుస్తుంది. 60 నిమిషాల్లో 100 ప్రశ్నలు, ఇంగ్లిష్, క్వాంట్ (లెక్కలు), రీజనింగ్‌కు విడివిడిగా టైమర్, తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో నాలుగో వంతు కోత. కోర్సు అమ్మడానికి పెట్టే టెస్టులో 20 ప్రశ్నలుంటాయి, కోత ఉండదు, కటాఫ్ ఎంతో చెప్పరు. అనుమానంగా ఉంటే అన్నిటికీ మొదటి ఆప్షనే పెట్టి సబ్మిట్ చేయండి. నాలుగేసి ఆప్షన్లున్న 20 ప్రశ్నల్లో అలా సగటున ఐదే కలుస్తాయి. అయినా సెలెక్ట్ అయ్యారంటే, అది మీ ఫోన్ నంబర్ కోసం పెట్టిన ఫారమే.

తర్వాత "నెలకు ఇంతే, నో కాస్ట్ ఈఎంఐ" అంటూ ఒక లింక్ పంపుతారు. పాన్, ఆధార్ ఓటీపీ, సెల్ఫీ, నాన్నగారిని కో-అప్లికెంట్‌గా (అప్పులో భాగస్వామిగా) పెట్టడం, చివరికి ఈ-మాండేట్, అంటే ఖాతాలోంచి నెలనెలా డబ్బు కోసుకోవడానికి అనుమతి. అన్నీ పావుగంటలో అయిపోతాయి. మీరు ఫీజుకు వాయిదాలు పెట్టుకున్నామనుకుంటారు. నిజానికి ఒక ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) దగ్గర మీ పేరు మీద అప్పు పుడుతుంది, ఆ డబ్బు కోర్సు అమ్మే సంస్థకు వెళ్తుంది. క్లాసులు నచ్చక మానేసినా ఈఎంఐ ఆగదు. బ్యాంకులో మాండేట్ రద్దు చేయించినా అప్పు అలాగే ఉంటుంది, పైగా బౌన్స్ ఛార్జీలు పడతాయి, అప్పులు సరిగ్గా తీరుస్తున్నారా అని చూపే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. బ్యాంకు ఉద్యోగం కోసం వెతికేవాళ్లకు ఇది మరీ నష్టం. బ్యాంకులు చేర్చుకునే ముందు స్కోరు కూడా చూస్తాయి.

వడ్డీ లెక్క కూడా చూడండి. 90,000 రూపాయలకు 14 శాతం ఫ్లాట్ రేటు, 12 నెలలు అంటే వడ్డీ 12,600, ఈఎంఐ 8,550. వినడానికి 14 శాతమే. కానీ అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదట ఇచ్చిన 90,000 మీదే వేస్తున్నారు కాబట్టి ఏడాదికి దాదాపు 25 శాతం పడినట్టు. ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. సంతకానికి ముందే అప్పు ముఖ్య వివరాలుండే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. అందులో ఏపీఆర్ అనే అంకె, అంటే ఛార్జీలతో కలిపి ఏడాదికి పడే అసలు ఖర్చు శాతం, ఒక్కటి చూస్తే చాలు. ఆ కాగితం ఇవ్వకపోతే ఓటీపీ చెప్పకండి.

"గ్యారంటీ" అన్న మాట ప్రకటనలో ఉంటుంది, అగ్రిమెంటులో "ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్"గా మారిపోతుంది. హాజరు శాతం, ఒక ఇంటర్వ్యూ వద్దన్నా హక్కు పోతుందనే షరతు, ఇన్సెంటివ్‌లు కలిపి చూపే సీటీసీ (ఏడాది మొత్తం జీతం లెక్క), ఈ మూడూ వెతికి చదవండి. ఇన్సూరెన్స్ అమ్మకాల కమిషన్ పనిని కూడా ఉద్యోగంగా లెక్కేస్తారేమో రాతపూర్వకంగా అడగండి. ఉద్యోగ గ్యారంటీ అని తప్పుదోవ పట్టించే కోచింగ్ ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. అందుకే ప్రకటన, కౌన్సెలర్ మెసేజ్‌లు స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి.

కొన్ని బ్యాంకులు నిజంగానే ఫీజు తీసుకుని శిక్షణ ఇచ్చి ఉద్యోగంలో చేర్చుకుంటాయి. అలాంటిది ఆ బ్యాంకు సొంత కెరీర్స్ పేజీలో కనిపించాలి. మ్యూచువల్ ఫండ్స్, డెరివేటివ్స్ లాంటి సబ్జెక్టుల్లో సెబీ నెలకొల్పిన ఎన్‌ఐఎస్‌ఎం సంస్థ పెట్టే పరీక్షలకైతే కోర్సు కొనక్కర్లేదు, ఎన్‌ఐఎస్‌ఎం సైట్‌లో నేరుగా ఫీజు కట్టి రాయొచ్చు.

ఇప్పటికే సంతకం పెట్టేశారా? డిజిటల్ లోన్‌కు మనసు మార్చుకుని వెనక్కి తగ్గడానికి కూలింగ్ ఆఫ్ గడువు ఉంటుంది, ఒక్కరోజే కావచ్చు. ఆ లోపు అసలు, ఆ రోజుల వడ్డీ కడితే జరిమానా లేకుండా బయటపడొచ్చు. మెయిల్ కోచింగ్ సంస్థకు మాత్రమే పెడితే లాభం లేదు, అప్పిచ్చిన సంస్థకు పెట్టాలి. గడువు దాటితే ఇద్దరికీ కోర్సు రద్దు, రీఫండ్ కోరుతూ రాయండి, కానీ తేలేవరకు ఈఎంఐ ఎగ్గొట్టకండి. అప్పిచ్చినవాళ్లు 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు పరిష్కరించే అధికారికి) ఆ బ్యాంకు సీఎంఎస్ అనే ఫిర్యాదుల పోర్టల్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. కోచింగ్ సంస్థ మీద ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.