ఏడేళ్ల కాపురం తర్వాత మా ఫ్లాటు: అన్నీ చూశాం, బాత్రూం తలుపు ఒక్కటి తప్ప

చిత్తూరులో ఉన్న ఇల్లు అమ్మేసి 2018 జూన్‌లో తిరుపతికి వచ్చాం. ఎం.ఆర్.పల్లె వైపు, రెండో అంతస్తు. అప్పటికి నాకు 61, ఆయనకు 66. గదుల కొలతలు, అడుగు రేటు, పార్కింగు గురించి ఏమీ రాయను, అవన్నీ అమ్మేవాళ్లే చెబుతారు. ఏడేళ్లు కాపురం చేశాక నాకు మిగిలిన కడుపుమంట ఒక్కటే. ఈ ఇంట్లో బాత్రూం తలుపు లోపలికి తెరుచుకునేలా పెట్టారు.

నవ్వొస్తుందని తెలుసు. ఇల్లు కొన్న రోజున మాకూ అది పట్టలేదు. ఇల్లు చూపించిన అబ్బాయి గోడకున్న స్టీలు కడ్డీని రెండుసార్లు తట్టి, "పెద్దోళ్లకని పెట్టినామమ్మా" అన్నాడు. మురిసిపోయాం. ఆ సాయంత్రమే మా అక్కకు ఫోన్ చేసి, పట్టుకోవడానికి కడ్డీలు కూడా ఉన్నాయే అని గొప్పగా చెప్పాను. ఆ మాట ఇప్పుడు కాస్త వెనక్కి తీసుకుంటున్నా. కడ్డీ పెట్టింది తువ్వాలు ఆరేసుకునే ఎత్తులో. కమోడ్ మీంచి లేచేవాళ్లకు అది అందదు. రెండో ఏడు నేనొకసారి గట్టిగా పట్టుకుంటే ప్లాస్టిక్ ప్లగ్గుతో సహా చేతికొచ్చింది.

2022 డిసెంబరు, ధనుర్మాసం. తెల్లవారుజామున గడప ముందు ముగ్గు వేస్తున్నా. కింది ఫ్లాటు టీవీలోంచి తిరుప్పావై వినిపిస్తోంది. లోపల ధబ్బుమని చప్పుడు. బకెట్ అనుకున్నా. బకెట్ పడితే నీళ్ల చప్పుడు కూడా రావాలి కదా, అది రాలేదు.

మా ఇంట్లో గడియ వేసుకోకూడదని ముందునుంచీ రూలు. పిల్లలు చెప్పి చెప్పి అలవాటు చేశారు. ఆ రోజూ గడియ లేదు. తలుపు తోశాను. నాలుగు వేళ్ల సందు వచ్చి ఆగిపోయింది. ఆ సందులోంచి గీజరు ఎర్రలైటు, పక్కకు దొర్లిన మగ్గు, ఆయన పాదం కనిపించాయి. పాదం వేళ్లు తలుపు అంచుకే ఆనుకుని ఉన్నాయి.

"మే, తోయద్దు. కాలు అడ్డంగా ఉండాది."

గొంతు మామూలుగానే ఉంది. నాకు మాత్రం చేతుల్లో ముగ్గుపిండి చెమటకు ముద్దయిపోయింది. కిందికి కేకేస్తే వాచ్‌మన్ వచ్చాడు, ఎదురింటి కుర్రాడు వచ్చాడు. కుర్రాడు భుజంతో గుద్దుదాం అన్నాడు. గుద్దితే లోపలున్న మనిషి కాలు ఏమవుతుంది? బందులు ఊడదీద్దామంటే, లోపలికి తెరుచుకునే తలుపుకి బందులూ లోపలే ఉంటాయి. వెంటిలేటరు డక్టు వైపుంది, పిల్లి కూడా దూరలేదు. గడియ వేయకుండా ఇన్నేళ్లు జాగ్రత్తపడ్డాం, ఆ జాగ్రత్త ఆ రోజు దేనికీ పనికిరాలేదు. మనిషి పడిపోతే ఆ ఒళ్లే గడియ అవుతుందని ఎవరికి తోస్తుంది?

చివరికి వాచ్‌మన్ ఆక్సా బ్లేడు తెచ్చాడు. తలుపు పీవీసీది కాబట్టి సరిపోయింది, టేకుదైతే ఏమయ్యేదో. కింద మోకాలెత్తు వరకు పలక కోస్తుంటే తెల్లటి పొట్టు ముగ్గుపిండి అంటిన నా చేతుల మీద పడింది. ఎనిమిదో తరగతి చదివే వాచ్‌మన్ కొడుకు బొక్కబోర్లా పడుకుని ఆ కంతలోంచి లోపలికి పాకాడు. "తాతా, కాలు మడుస్తా ఉండా. నొప్పి పుడితే చెప్పు" అనడం వినిపించింది. తర్వాత తలుపు తెరుచుకుంది. మొత్తం ముప్పై అయిదు నిమిషాలు.

నిజం చెప్పాలంటే దెబ్బ పెద్దది కాదు. మణికట్టు చిట్లింది, మోకాలు వాచింది. ఆరు వారాలు కట్టు. కానీ చన్నీళ్ల టైల్స్ మీద అంతసేపు పడుకుని వణికిపోయాడు మనిషి. అదే గుండెపోటయి ఉంటే ఆ ముప్పై అయిదు నిమిషాల సంగతేంటని నేను చాలా రాత్రులు లెక్కేసుకున్నా.

తర్వాత మా అబ్బాయి బెంగుళూరు నుంచి ఒక పీడీఎఫ్ పంపాడు. కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ 2021లో ఇచ్చిన మార్గదర్శకాలట. నడవలేనివాళ్లు వాడే టాయిలెట్ తలుపు బయటికి తెరుచుకోవాలి, లేదా పక్కకు జరగాలి, దారి 900 మిల్లీమీటర్లు ఉండాలి అని అందులో ఉంది. మాది రెండున్నర అడుగుల ద్వారబంధం, అంటే 762. అందులో తలుపు మందం పోతే ఇంకా తక్కువ. మేం కొనేనాటికి ఆ కాగితమే రాలేదు, బిల్డరుకీ తోచలేదు, మాకూ తోచలేదు. డబ్బు మాత్రం మాది.

ఇప్పుడు తలుపు బయటికి తిప్పించాం. ద్వారబంధం ఊడదీసి, టైల్స్ రెండు పగలగొట్టి, పదకొండు వేలు అయింది. సుఖంగా ఉందా అంటే పూర్తిగా లేదు. తలుపు తెరిస్తే బీరువాకి కొట్టుకుంటుంది, దాని నీళ్లు పడగ్గదిలో కారతాయి, రోజూ గుడ్డేసి తుడవాలి. తుడుస్తున్నా, గొణగడం లేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తా. స్విమ్స్, రుయా, బర్డ్ మూడు ఆసుపత్రులూ అలిపిరి దారిలోనే, ఆ రోజు ఆటోలో చిటికెలో చేరిపోయాం. ఈ ఊరికి వచ్చినందుకు నేను ఒక్కరోజు కూడా బాధపడనిది అందుకే. లిఫ్ట్ ఉంది కదా అని మొదట్లో అందరికీ చెప్పుకున్నా, ఉంది, బాగానే పనిచేస్తుంది. కాకపోతే 2021 నవంబరు వానలకు సెల్లార్లోకి నీళ్లొచ్చి లిఫ్ట్ గుంత నిండిపోయింది, తొమ్మిది రోజులు మెట్లే గతి. పైగా అది ఆరుగురిది, 408 కిలోలని పలక మీద రాసుంది. నాలుగో అంతస్తు పెద్దాయన్ని స్ట్రెచర్ మీద తీసుకెళ్లాల్సి వస్తే అందులో పట్టక మెట్ల మీదుగానే దించారు. పక్కింటివాళ్లకు మాత్రం వంక పెట్టను.

కొనమంటారా అంటే, మాకు ఇద్దరి పెన్షన్లున్నాయి, ఒకరు పడితే ఇంకొకరు కేకేయగలరు, అబ్బాయి రాత్రి బయల్దేరితే తెల్లారేసరికి దిగుతాడు. మా వరకు అయిదుకి మూడున్నర ఇస్తా. ఒంటరిగా ఉండేవాళ్లయితే ఆ మార్కు నేను ఇవ్వలేను. మేమింక మారం, ఈ వయసులో మళ్లీ సామాన్లు సర్దే ఓపిక లేదు.

మొన్న మా అక్క కూడా చిత్తూరులో ఫ్లాటు చూస్తానంటే తోడు వెళ్లాను. హాలు, బాల్కనీ చూపిస్తానంటుంటే వినకుండా నేరుగా బాత్రూంలోకి వెళ్లి, తలుపు మూసి, తెరిచి, మళ్లీ మూసి చూశాను. బయటికొచ్చేసరికి అమ్మే అబ్బాయి నాకేదో అర్జంటనుకుని, మర్యాదగా కారిడార్ చివరకు పోయి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.