నడక దారి బాగుంది, ఆ బటన్ దగ్గరే చిక్కు: ఇండియానాపొలిస్‌లో ఏడేళ్లు నడిచాక

అమెరికాలోని ఇండియానాపొలిస్ డౌన్‌టౌన్‌లో నడకకీ సైకిళ్లకీ వేసిన కల్చరల్ ట్రెయిల్ ఎక్కడ మొదలవుతుంది, అక్కడి మాస్ అవెన్యూ వీధిలో ఏ హోటల్ బాగుంటుంది లాంటివి ఇక్కడ రాయడం లేదు. మ్యాపులూ ఫొటోలూ ఎక్కడైనా దొరుకుతాయి. ఏడేళ్లుగా ఆఫీసుకీ, కూరగాయలకీ, లైబ్రరీకీ ఈ ఊళ్లో కాలినడకన తిరిగాక గట్టిగా చెప్పాలనిపించింది ఒక్క దాని గురించే: రోడ్డు దాటడానికి నొక్కే బటన్. ట్రెయిల్ మీద ఉన్నంతసేపు దాని ఊసే గుర్తుకు రాదు. ట్రెయిల్ దిగి ఊరి అంచుల వైపు వెళ్లేకొద్దీ నడవాలా వద్దా అన్నది ఆ బటనే తేలుస్తుంది.

ముందు ట్రెయిల్‌కి ఇవ్వాల్సిన మార్కులు ఇచ్చేద్దాం. దీనికోసం సైడ్‌వాక్‌ని, అంటే ఫుట్‌పాత్‌ని, సగానికి చీల్చలేదు. చాలాచోట్ల కార్ల లేన్‌నే తీసేసి ఆ జాగా నడిచేవాళ్లకీ సైకిళ్లకీ ఇచ్చారు. అందుకు వీలు దొరికింది 1821 నాటి ప్లాను వల్ల. సర్వేయరు అలెగ్జాండర్ రాల్‌స్టన్ గీసిన ఆ మైల్ స్క్వేర్‌లో, అంటే ఇప్పటి డౌన్‌టౌన్‌లోని చదరపు మైలు భాగంలో, మామూలు వీధి వెడల్పు 90 అడుగులు, వాషింగ్టన్ స్ట్రీట్ 120 అడుగులు. గుర్రబ్బండ్ల రోజుల్లో వదిలిన ఆ వెడల్పంతా తర్వాత కార్ల పాలైంది. 2007లో పని మొదలుపెట్టి 2013లో పూర్తిచేసిన ఎనిమిది మైళ్ల ట్రెయిల్ అందులో కొంత వెనక్కి లాక్కుంది. ఖర్చు 6.3 కోట్ల డాలర్లు, అదీ ఫెడరల్ నిధులూ దాతల సొమ్మూ కలిపి. దారి పక్కన కనిపించే మొక్కల గుంటలు అందానికి మాత్రమే పెట్టలేదు. వాన నీరు వాటిలోకి దిగుతుంది, కాబట్టి కారు పక్కనుంచి వెళ్లినా ప్యాంటు తడవదు.

మొదటి రెండేళ్లు ఇటుకల పరుపుని తెగ మెచ్చుకునేవాణ్ణి. కాలికి హాయిగా ఉంటుంది, ఎక్కడ నడవాలో రంగు చూడగానే తెలుస్తుంది. ఇప్పుడు ఆ మెప్పుని కాస్త తగ్గించుకోవాలి. పరిచిన ఇటుక ఏదైనా సరే, చలికాలంలో కిందికి దిగిన నీళ్లు గడ్డకట్టి, కరిగి, మళ్లీ గడ్డకడుతుంటే మెల్లగా కదులుతుంది. సందుల్లో ఇసుక జారిన చోట అంచు పావంగుళం లేచినా చాలు, స్ట్రోలర్ ముందు చక్రం గుద్దుకుంటుంది. తడిసిన ఆకులు పరుచుకున్న అక్టోబరు ఉదయాల్లో కాంక్రీటు కంటే ఎక్కువ జారుతుంది. చక్రాల కుర్చీలో వెళ్లేవాళ్లకి ఆ కుదుపు నడుముకి తెలుస్తుంది.

ఇక బటన్ సంగతి. డౌన్‌టౌన్ నడిబొడ్డున చాలా కూడళ్లలో నొక్కక్కర్లేదు. పక్క వీధికి పచ్చ లైటు పడితే నడిచే మనిషి బొమ్మ కూడా దానంతటదే వెలుగుతుంది. ఊరి అంచుల్లో, అంటే స్ట్రిప్ మాళ్లూ అపార్ట్‌మెంట్లూ ఉండే పెద్ద రోడ్ల మీద, ఎవరూ నొక్కకపోతే అక్కడ నడిచే మనిషే లేడని సిగ్నల్ లెక్కేసుకుంటుంది. ఇండియా నుంచి ఆరు నెలలు ఉండటానికి వచ్చిన పెద్దవాళ్లు తికమకపడేది ఇక్కడే. బళ్లన్నీ ఆగాయి, పక్కన పచ్చ లైటు ఉంది, ఎదురుగా మాత్రం ఆగమనే ఎర్ర చెయ్యి బొమ్మ అలాగే ఉంది. "పాడైందేమో" అనుకుని దిగిపోతారు.

ఆ దిగడం ఎందుకు ప్రమాదమో లెక్క వేసి చూడాలి. మలుపు లేన్లతో కలిపి ఏడు లేన్ల రోడ్డు అనుకోండి. లేన్‌కి 12 అడుగులు, మొత్తం 84 అడుగులు. అమెరికా ట్రాఫిక్ సిగ్నళ్ల నియమావళి ఎంయూటీసీడీ ప్రకారం మనిషి సెకనుకి 3.5 అడుగులు నడుస్తాడు. 2009 కంటే ముందు ఇది 4 అడుగులుండేది. అంటే దాటడానికి 24 సెకన్లు. దానికి ముందు మనిషి బొమ్మ వెలిగి ఉండే 7 సెకన్లు కలిపితే 31. బటన్ నొక్కితే సిగ్నల్ ఈ 31 సెకన్లూ ఇస్తుంది. నొక్కకపోతే పక్క వీధిలో ఆగిన ఒక్క కారు కోసం పచ్చ లైటు 10 సెకన్లే ఉండొచ్చు. పసుపుకి నాలుగు, అన్ని వైపులా ఎరుపుకి రెండు వేసుకున్నా 16 సెకన్లు. ఆ 16 సెకన్లలో మామూలు నడక 56 అడుగులు. సరిగ్గా అయిదో లేన్‌లో ఉండగా అటువైపు ఆగిన బళ్లకి పచ్చ పడుతుంది.

నొక్కినా ఆలస్యంగా నొక్కితే అదే గతి. పచ్చ లైటు మొదలయ్యాక బటన్ నొక్కితే చాలా సిగ్నళ్లు ఆ విడతలో మనిషి బొమ్మని వెలిగించవు, సిగ్నల్ మళ్లీ ఒక చుట్టు తిరిగి రావాలి. చుట్టు 120 సెకన్లుంటే దాదాపు రెండు నిమిషాలు నిలబడాలి. మైనస్ పది చలిలో, చేతిలో పాల క్యాన్‌తో రెండు నిమిషాలు నిలబడిన మనిషి రెండోసారి నిలబడడు, కారు తీస్తాడు. ఈ ఊరి మీద కోపం వచ్చేది నాకు అందుకే. మైళ్ల కొద్దీ దారి వేసి మనిషిని కారు దింపారు. ఆ దారి చివర ఒక బటన్ అతన్ని మళ్లీ కారెక్కిస్తుంది.

మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ సెకనుకి రెండున్నర అడుగులు నడుస్తుందనుకుందాం. 84 అడుగులకి ఆమెకి 33.6 సెకన్లు కావాలి. బొమ్మ వెలిగే 7, మిగిలిన సెకన్లు చూపిస్తూ అంకెలు దిగే 24, సున్నా పడ్డాక అడ్డంగా వచ్చే బళ్లని వదిలేముందు తప్పనిసరిగా ఉంచే 3, మొత్తం 34. అర సెకను లోపే మిగులుతుంది. ఇప్పుడు బటన్ స్తంభం ఎక్కడుందో చూడండి. కర్బ్‌కి (సైడ్‌వాక్ అంచుకి) పది అడుగుల వెనక, గడ్డిలో ఉన్నవి కూడా ఉన్నాయి. బటన్ దగ్గరే నిలబడి బొమ్మ వెలిగాక కదిలితే ఆ పది అడుగులకే ఆమెకి నాలుగు సెకన్లు పోయాయి. ఆ అర సెకనూ పోయి, ఇంకో మూడున్నర సెకన్లు తక్కువ పడతాయి.

కాబట్టి పెద్దవాళ్లకి నేర్పాల్సింది ఇది. ముందు బటన్ మీది బాణం చూడాలి. ఒకే స్తంభానికి రెండు బటన్లుంటే బాణం ఎటు చూపిస్తే ఆ దారికే అది పనిచేస్తుంది. నొక్కగానే చిన్న ఎర్ర దీపం వెలగాలి, లేదా టక్‌మని చప్పుడు రావాలి. కొత్త రకం బటన్లని ఒక సెకను పైగా నొక్కి ఉంచితే, ఆ ఏర్పాటు ఉన్నచోట దాటడానికి అదనపు సమయం ఇస్తాయి. తర్వాత అక్కడే నిలబడకుండా ర్యాంప్ చివర బొడిపెల పలక వెనక్కి వచ్చి నిలబడాలి. పలక మీదికి మాత్రం వద్దు, మలుపు తిరిగే ట్రక్కు వెనక చక్రాలు మూల మీదికి ఎక్కుతాయి. రెండు పూర్తి చుట్లు తిరిగినా బొమ్మ రాకపోతే బటన్ చచ్చినట్టే. లోపల నీళ్లు దిగో, తీగ తెగో అలా అవుతుంది. అప్పుడు అదే కూడలిలో మిగతా మూడు వైపుల నుంచి తిరిగి వెళ్లడమే మేలు. ఆ స్తంభం ఫొటో, రెండు వీధుల పేర్లు, ఏ మూలో (ఈశాన్యమా, నైరుతా) రాసి, ఊరి ఫిర్యాదులు తీసుకునే రిక్వెస్ట్‌ఇండీ యాప్‌లో పెడితే పని త్వరగా కదులుతుంది. "బటన్ పనిచేయట్లేదు" అని మాత్రమే రాస్తే ఎనిమిది బటన్లలో ఏదో వెతకడానికే ఒక ట్రిప్పు పోతుంది.

ఇంకొకటి. మన దగ్గర రోడ్డు దిగేటప్పుడు ముందు కుడివైపు చూస్తాం. ఇక్కడ మొదటి బండి ఎడమ నుంచి వస్తుంది. అరవై ఏళ్ల అలవాటు ఒక్క వారంలో పోదు. దానికి తోడు, ఎర్ర లైటు మీద కుడికి తిరగొచ్చన్న రూలు ఉంది. అలా తిరిగే డ్రైవరు బళ్ల కోసం ఎడమకే చూస్తుంటాడు, కుడి వైపు నుంచి దిగే మనిషిని చూడడు. డౌన్‌టౌన్‌లో చాలా కూడళ్లలో ఈ మలుపు వద్దని బోర్డులు పెట్టారు. బయట ఇంకా ఉంది. డ్రైవరు ముఖం మన వైపు తిరిగేదాకా కాలు కింద పెట్టకూడదు. బళ్ల కంటే కనీసం మూడు సెకన్ల ముందు నడిచేవాళ్లకి బొమ్మ వెలిగించే పద్ధతి ఒకటుంది. అది ఉన్న కూడలిలో తేడా వెంటనే తెలుస్తుంది. మలుపు తిరిగే కారు కదిలేసరికి మనిషి మొదటి లేన్ దాదాపు దాటేసి ఎదురుగా కనిపిస్తుంటాడు.

అంచుల్లో ఇంత లోటు ఎందుకంటే, 1970లో యూనిగవ్ పేరుతో ఊరూ మేరియన్ కౌంటీ కలిసిపోయాయి. కౌంటీగా ఉన్నప్పుడు కట్టిన కాలనీల్లో చాలావాటికి అసలు సైడ్‌వాక్ వెయ్యలేదు. ఆ విస్తీర్ణమంతా ఒక్కసారిగా ఊరి మీద పడింది.

జనవరి గురించి కూడా చెప్పాలి. మంచు తోసే బండి రోడ్డుని శుభ్రం చేస్తుంది, తోసిన మంచుని మూల మీద పోస్తుంది. ర్యాంపూ బటనూ ఆ గుట్ట కిందే ఉంటాయి. మధ్యాహ్నం కరిగిన నీరు ర్యాంప్ అడుగున నిలిచి రాత్రికి గాజులా అవుతుంది. ట్రెయిల్ మీద మాత్రం మంచు తీసే మనుషులు విడిగా ఉన్నారు, పొద్దున్నే దారి తేలుతుంది. చలికాలంలో నడక మానకూడదనుకుంటే ట్రెయిల్ వదలకపోవడమే దారి.

ఊరికి ఉత్తరాన ఉన్న కార్మెల్ వైపు ఉండే తెలుగువాళ్లకి ఈ బటన్ గొడవ తక్కువ. అక్కడ సిగ్నళ్లు తీసి 150కి పైగా రౌండబౌట్లు (బళ్లు గుండ్రంగా తిరిగి వెళ్లే కూడళ్లు) కట్టారు. వాటిలో దాటే చోటు వృత్తానికి ఒక కారు పొడవంత వెనక ఉంటుంది, మధ్యలో ఆగడానికి దిబ్బ ఉంటుంది. సగం దాటి, ఆగి, రెండో వైపు చూసుకుని మిగతా సగం. ఒక్కో వైపు రెండేసి లేన్లుంటే మాత్రం జాగ్రత్త. మొదటి కారు మర్యాదగా ఆగుతుంది, దాని చాటున రెండో లేన్‌లో వచ్చే కారుకి మనం కనపడం.

ట్రెయిల్ మీద కళాఖండాల్లో ఒకటి జేమీ పావ్లస్ చేసింది. నడక సిగ్నల్ పెట్టెలాగే ఉంటుంది. 'నడువు, ఆగు' బదులు 'పట్టించుకో, పట్టించుకోకు' అని వెలుగుతుంది. ఊరి అంచున ఎర్ర చెయ్యి ముందు నిలబడిన ప్రతిసారీ నాకు అదే గుర్తొస్తుంది.

ఇక తీర్పు. ఇంట్లో ఒక కారు ఉండి, ఆఫీసు డౌన్‌టౌన్‌లోనే ఉన్నవాళ్ల కళ్లతో చూస్తే అయిదుకి నాలుగు. అద్దె సంగతి వేరు. ట్రెయిల్‌కి 500 అడుగుల లోపు ఆస్తుల విలువ 2008, 2014 మధ్య వంద కోట్ల డాలర్లు పెరిగిందని ఇండియానా యూనివర్సిటీ అధ్యయనం తేల్చింది. ఆ పెరుగుదల అద్దెకుండేవాళ్ల జేబుకీ తెలుస్తుంది. కారు లేని కొత్త విద్యార్థికి రెడ్ లైన్ బస్సు స్టేషను దగ్గర ఇల్లు దొరికితే మూడున్నర, లేకపోతే రెండు. అమ్మానాన్నలు వేసవికి వస్తున్నారని అపార్ట్‌మెంటు చూసేవాళ్లు గుడికి, కిరాణాకి ఎన్ని మైళ్లని అడుగుతుంటారు. ఇల్లు చూడటానికి వెళ్లిన రోజే ఆ కాంప్లెక్సు ముందున్న కూడలి దగ్గర పది నిమిషాలు నిలబడండి. లేన్లు లెక్కపెట్టండి. బటన్ నొక్కి, బొమ్మ వెలగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో, అంకెలు ఎంత నుంచి దిగాయో ఫోన్‌లో రాసుకోండి. మీ అమ్మగారి నడకతో అదే రోడ్డు ఒకసారి దాటి చూడండి.