పిల్లల ట్యాబుల్లో నాకు నచ్చింది వాయిస్ రికార్డర్

మా బడిలో నాలుగో తరగతి పిల్లలు వారానికి రెండు రోజులు ఇంట్లో ఉన్న ట్యాబ్ తెచ్చుకుంటారు. ఈ పద్ధతి మొదలై రెండేళ్లు దాటింది. మాది మహబూబాబాద్ జిల్లాలో ఒక చిన్న ప్రైవేటు బడి. తెలుగు, పరిసరాల విజ్ఞానం నేనే చెబుతాను. ఇన్నాళ్ల వాడకంలో నాకు మనసు నిండా సంతోషం ఇచ్చింది వాయిస్ రికార్డర్. డబ్బు పెట్టక్కర్లేదు, నెట్ అక్కర్లేదు, ఎంత పాత ట్యాబ్‌లో అయినా నడుస్తుంది.

పాతదైనా నడవడం మాకు చాలా ముఖ్యం. ఈ ట్యాబులు ఎక్కువ భాగం కరోనా కాలంలో అక్కకో అన్నకో ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్నవి. ఒకదానికి ఆండ్రాయిడ్ అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయాయి, ఇంకోదాని మెమరీ నిండా పెళ్లి వీడియోలు. ఒకే యాప్‌ను అన్నిటిలో తెరిపించేసరికి పీరియడ్ అయిపోయేది. రికార్డర్‌తో ఆ గొడవ లేదు. ఒక నిమిషం గొంతుకు మామూలుగా ఒక ఎంబీ చాలు. నిమిషం వీడియో అయితే వంద ఎంబీ దాకా తినేస్తుంది.

పాఠంలో ఒక పేరా గానీ, స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైట్ నుంచి నేను ముందే దించి పెట్టిన కథలో ఒక పేజీ గానీ ఇస్తాను. చదివి రికార్డు చేస్తారు, వింటారు, మళ్లీ చదువుతారు. ట్యాబ్ లేనివాళ్లు ఉన్నవాళ్లతో జతగా కూర్చుంటారు.

మా తరగతిలో ఒక అబ్బాయి చదవడంలో అందరికంటే ముందుండేవాడు. పుస్తకం తెరిస్తే రైలుబండే. చుక్క దగ్గర ఆగడు, కామా కనబడదు, వాక్యం చివర మాట సగం మింగేస్తాడు. నెమ్మదిగా చదువు నాన్నా అని మూడో తరగతిలో వాళ్ల టీచర్ చెప్పారు, ఇక్కడ నేనూ చెప్పాను. వాడికి మాత్రం ఎంత తొందరగా చదివితే అంత బాగా చదివినట్టు. ఇంట్లో కూడా దాన్నే మెచ్చుకునేవాళ్లు. మొదటిసారి రికార్డు చేసుకుని గర్వంగా పక్కవాడికి వినిపించాడు. వాడు "ఏం చదివినవ్‌రా, ఏం సమజ్ కాలే" అన్నాడు. మనవాడి మొహం మారిపోయింది. పుస్తకం ముందు పెట్టుకుని, వేలు జరుపుకుంటూ తన గొంతు తనే మళ్లీ విన్నాడు. కాసేపటికి నా దగ్గరకు వచ్చి, "టీచర్, ఈడ చుక్క ఉంది, నేను ఆగలే" అన్నాడు. నేను ఇంకేమీ అనకుండా మళ్లీ చదవమన్నాను. ఆ పీరియడంతా అదే పేరా చదివాడు. ఆగాల్సిన చోటల్లా పెన్సిలుతో చిన్న గీత పెట్టుకున్నాడు. చివరి రికార్డింగులో ప్రశ్న వచ్చిన చోట గొంతు కూడా పైకి లేచింది. అది నేను నేర్పలేదు. ఆ పెన్సిలు గీతలు ఇప్పుడు తరగతిలో అందరి పుస్తకాల్లోనూ ఉన్నాయి.

చదివేటప్పుడు ఆ వయసు పిల్లల ధ్యాసంతా అక్షరాల మీదే ఉంటుంది, తమ గొంతు తమకు వినబడదు. చదవడం ఒకసారి, వినడం ఇంకోసారి అయ్యేసరికి చాలా తప్పులు వాళ్లకే దొరుకుతాయి. అన్నీ దొరకవు. 'బాధ'ను 'బాద' అని పలికే పిల్లలకు విన్నా ఆ తేడా తెలియదు, ఇంట్లో వినేది కూడా అలాగే కాబట్టి. దానికి టీచర్ ఎదురుగా కూర్చుని పలికించాల్సిందే.

మొదటి ఏడాది తల్లిదండ్రుల సమావేశంలో ఈ రికార్డర్‌ను నేను చాలా పొగిడాను. ఇప్పుడైతే కాస్త తగ్గించి చెబుతాను. మూడో తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు, అర్థం చేసుకుంటూ చదవాలని చిన్న తరగతుల చదువు, లెక్కల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం. రికార్డింగులో నిమిషాలు, సెకన్లు తెర మీదే కనబడతాయి కాబట్టి పదాలు లెక్కపెట్టడం తేలిక. తేలిక కాబట్టి పిల్లలు అంకె వెంటే పడ్డారు, అర్థం వెనక్కి పోయింది. ఇంట్లో లంబాడీ మాట్లాడే ఒక పాప కథ చక్కగా చదివి రికార్డు చేసింది. కథలో మేక ఎందుకు దాక్కుందని అడిగితే నోరు విప్పలేదు. అప్పటి నుంచి చదివిన కథను సొంత మాటల్లో చెప్పి రికార్డు చేయమంటున్నాను. ఆ పాపను లంబాడీలోనే చెప్పమన్నాను. అదే తండా నుంచి వచ్చే ఐదో తరగతి అమ్మాయి మధ్యాహ్నం అన్నం తిన్నాక దాన్ని విని నాకు తెలుగులో చెప్పింది. పాపకు కథ దాదాపు అంతా అర్థమైంది, మేక సంగతితో సహా. తెలుగులో చెప్పడానికే మాటలు దొరకలేదు. గొంతు ట్యాబ్‌లో ఉంది కాబట్టి, ఆ అమ్మాయికి తీరిక దొరికేదాకా ఆగి వినిపించగలిగాను.

చదువుతుంటే విని తప్పులు పట్టే యాప్ కూడా వాడాం. ఒక్కరే కూర్చుని చదివితే బాగా పనిచేసింది. తరగతిలో మాత్రం పక్కవాడు చదివిన పదానికి వీడి తెర మీద నక్షత్రం పడేది. ఇంట్లో వాడుకోమని ఇప్పటికీ చెబుతాను.

ట్యాబ్ ఇంటిల్లిపాదిదీ కాబట్టి పాఠం మధ్యలో నాన్నకు వచ్చిన మెసేజీలు తెర మీద పడేవి. ఇప్పుడు గదిలోకి రాగానే ఫ్లైట్ మోడ్ పెట్టిస్తాం. ఛార్జింగ్ ఇంట్లోనే చేసుకుని రావాలి. పిల్లల గొంతులు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకూడదన్నది నా గట్టి నియమం. వారం చివర నా ఎదుటే అన్నీ తీసేస్తారు. ఒకరు తడబడిన చదువు ఇంకో ఇంట్లో నవ్వులాటకు పనికిరాకూడదు.

వేరే బడికి ఇది కుదురుతుందా అని అడిగితే అవునని వెంటనే అనలేను. మా తరగతిలో ఉన్నది ఇరవై చిల్లర పిల్లలు. గది బయట పొడవాటి వరండా ఉంది, జతలు జతలుగా దూరంగా కూర్చోబెట్టగలను. నలభై మంది కిక్కిరిసిన గదిలో ఒకరి గొంతు ఒకరి రికార్డింగులో పడుతుంది. సగం మందికి కూడా ట్యాబులు లేని చోట లేనివాళ్లు చిన్నబుచ్చుకుంటారు, ఆ బాధ పెట్టి తెమ్మనడం నాకు ఇష్టం లేదు. అలాంటి చోట టీచర్ ఫోన్ ఒక్కటి చాలు, రోజుకు ఇద్దరి చొప్పున రికార్డు చేసి వినిపించవచ్చు. వచ్చే ఏడాది నాకు రెండో తరగతి ఇస్తారట. వాళ్లు ఇంకా గుణింతాలు, ఒత్తుల దగ్గరే ఉంటారు, పలికేటప్పుడు నా నోరు చూడాలి. వాళ్లను ట్యాబ్ తెమ్మని అడగను.