ఇంగ్లీష్ క్లాసులో కథ మేలా, బేరం మేలా?

నల్లగొండలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీష్ చెప్పడం మొదలుపెట్టి పన్నెండేళ్లు దాటింది. బీకాం సెకండియర్ క్లాసులో అరవై మంది ఉంటే, నలభై మందికి పైగా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి పిల్లలే. కథలు, పద్యాలు, గ్రామర్ ఉన్న పాత పద్ధతిలోనూ వీళ్లకు చెప్పాను, వ్యాపారం చుట్టూ అల్లిన కొత్త పద్ధతిలోనూ చెప్పాను. యూనివర్సిటీల్లో ఇప్పుడు ఆంట్రప్రెన్యూర్‌షిప్, అంటే సొంతంగా వ్యాపారం పెట్టి నడపడం అన్న మాట బాగా వినపడుతోంది. ఇంగ్లీష్ క్లాసులోకి కూడా దాన్ని తేవాలంటున్నారు. తేవచ్చు, కానీ ఎలా తెస్తామన్నదే అసలు విషయం.

నేను ఒక్కటే చూస్తాను. పిల్లవాడు మొదటి ప్రశ్నకు చెప్పే జవాబు నాకు లెక్క కాదు. అది గైడ్‌లో ఉంటుంది, లేకపోతే ఫోన్‌లో దొరుకుతుంది. ఆ జవాబు విని నేను అడిగే రెండో ప్రశ్నకు ఏం చెబుతాడు? అక్కడ తప్పుల తడకగా ఒక వాక్యం వచ్చినా సరే, ఆ క్లాసు పనిచేసినట్టే.

పాత పద్ధతి ఈ పరీక్షలో చాలాసార్లు ఓడిపోతుంది. పాఠం చదువుతాం, అర్థాలు రాసుకుంటారు, 'రచయిత ఏం చెప్పదలిచాడు' అని అడిగితే అరవై మందీ ఒకే పేరా రాస్తారు. 'మరి నీకేమనిపించింది' అంటే తల దించుకుంటారు. ఇక పాసివ్ వాయిస్ సంగతి. పదో తరగతి నుంచీ వాక్యాలు మారుస్తూనే ఉన్నారు. అది ఎందుకు పుట్టిందో, ఎప్పుడు వాడాలో మాత్రం ఎవరికీ తెలియదు.

అందుకే కొన్నేళ్ల కింద ఉత్సాహంగా రెండో దారి పట్టాను. విదేశంలో చదువు మధ్యలో మానేసి కంపెనీ పెట్టి కోటీశ్వరుడైన కుర్రాడి మీద ఒక పాఠం తీసుకున్నాను. ఫండింగ్, పిచ్ (పెట్టుబడి కోసం వ్యాపార ఆలోచనను చెప్పి ఒప్పించడం), స్కేలబుల్ లాంటి మాటలు బోర్డు మీద రాశాను. ఎనిమిది గ్రూపులు చేసి తలా ఒక వ్యాపార ఆలోచన చెప్పమంటే, ఎనిమిది గ్రూపులూ ఎనిమిది యాప్‌లు తెచ్చాయి. 'గుడ్ మార్నింగ్ ఎవ్రీవన్, అవర్ యాప్ విల్ సాల్వ్ ద ప్రాబ్లం' అని గడగడా అప్పజెప్పారు. ఒక గ్రూపును 'రోజుకు ఎంత ఖర్చవుతుంది? ఆ డబ్బు ఎవరిస్తారు?' అని అడిగాను. క్లాసంతా నిశ్శబ్దం. గైడ్ పోయి ఫోన్ వచ్చింది, అంతే తేడా. ఈ రకం వ్యాపార పాఠం కంటే పాత కథే నయమని ఇప్పటికీ అంటాను. కథలో కనీసం మనుషులుంటారు.

దీనికి విరుగుడుగా కొన్నిచోట్ల పిల్లల చేత నిజంగానే స్టాల్ పెట్టిస్తున్నారు. మేమూ కాలేజీ ఉత్సవంలో సకినాలు, అప్పాలు అమ్మించాం. పిల్లలకు ధైర్యం వచ్చింది, లెక్కలు వచ్చాయి. ఇంగ్లీష్ మాత్రం పలకలేదు. కొనేవాళ్లంతా తెలుగువాళ్లే అయినప్పుడు ఇంగ్లీష్ ఎందుకు మాట్లాడతారు? అవసరం లేని చోట భాష పుట్టదు.

ఆ అవసరాన్ని క్లాసులోనే పుట్టించవచ్చని మన దక్షిణాదిలోనే ఒకాయన చేసి చూపించారు. ఇంగ్లీష్ బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు వైపు మామూలు బడుల్లో నడిపిన ప్రయోగం ప్రపంచమంతా టీచర్లు చదువుకునే పాఠమైంది. గ్రామర్ ముందు చెప్పకుండా పిల్లలకు ఒక చిక్కు ఇచ్చేవారు. రైలు టైంటేబుల్ చూపించి, ఫలానా వేళకు చేరాలంటే ఏ బండి ఎక్కాలో తేల్చమనేవారు. తెలిసిన సమాచారం నుంచి తెలియనిది లెక్కగట్టి తేల్చే పనే భాషకు బాగా పనికొస్తుందని ఆయన తేల్చారు. అభిప్రాయం చెప్పమంటే పిల్లలు బిగుసుకుపోతారు. లెక్క తేల్చమంటే పోటీపడి వాదించుకుంటారు.

ఆ ఆలోచనను మా జిల్లా సరుకుతో కలిపాను. నల్లగొండ అంటే బత్తాయి. ఒకరోజు బోర్డు మీద రెండు బేరాలు రాశాను. మొదటి వ్యాపారి టన్నుకు 22,000 ఇస్తాడు, కానీ టన్నుకు 100 కిలోలు తరుగు తీస్తాడు, డబ్బు నెల తర్వాత. రెండో వ్యాపారి 20,500 ఇస్తాడు, తరుగు లేదు, డబ్బు అక్కడికక్కడే. మీ తోటలో పది టన్నుల కాయ ఉంది. ఎవరికి ఇస్తారు, ఎందుకు? తేల్చుకుని రెండో వ్యాపారికి ఇంగ్లీష్‌లో ఉత్తరం రాయాలి, ఎందుకంటే ఆయనకు తెలుగు రాదు.

మొదట సగం మంది 22,000 వైపే చేతులెత్తారు. వెనక బెంచీలో తోట ఉన్న ఇంటి కుర్రాడు లేచి, 'మేడం, తరుగు పోతే వాడిచ్చేది 19,800 మాత్రమే' అన్నాడు. పది టన్నుల మీద ఏడు వేల తేడా అక్కడే తేలిపోయింది. ఇంకో అమ్మాయి నెల ఆలస్యానికి వడ్డీ కూడా లెక్కగట్టాలంది. 'టూ రుపీస్ ఇంట్రెస్ట్' అని రాసింది. అక్కడ ఆపాను. మన ఊళ్లో రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు రూపాయలని అందరికీ తెలుసు. బయటివాడు ఆ ఇంగ్లీష్ చదివితే మొత్తం వడ్డీ రెండు రూపాయలే అనుకుంటాడు. 'టూ పర్సెంట్ పర్ మంత్' అనాలి, బ్యాంకువాడికైతే ఏడాదికి 24 శాతం అని రాయాలి. ఆ మాట విని వాళ్ల ముఖాలు మారడం చూశాను. ఇంట్లో రోజూ వినే మాట అంత పెద్ద అంకె అని చాలామందికి అప్పుడే తెలిసింది.

ఇక 'తరుగు'కు ఇంగ్లీష్ మాట ఏమిటని గంటసేపు చర్చ. ఒకరు వేస్టేజ్ అన్నారు. 'పాడైన కాయకైతే వేస్టేజ్, మంచి కాయకు కూడా తీస్తరు కదా మేడం' అని ఆ కుర్రాడే ఒప్పుకోలేదు. చివరికి డిడక్షన్ దగ్గర ఆగారు. రెండో ప్రశ్న నేను అడగనే లేదు, వాళ్లే ఒకరినొకరు అడిగారు. 'ఇఫ్' వాక్యాలు ఆ రోజు వచ్చినన్ని నా సర్వీసులో ఎప్పుడూ రాలేదు. చర్చ చాలావరకు తెలుగులోనే నడిచింది, నేను అడ్డుపడలేదు. ఉత్తరం ఇంగ్లీష్‌లో వచ్చింది, అది చాలు.

పాసివ్ వాయిస్ కూడా ఇలాగే దారికొచ్చింది. పోచంపల్లి పక్క ఊరి నుంచి వచ్చే నేతన్నల పిల్లలు ఇద్దరు ఉన్నారు. ఇక్కత్ చీర ఎలా తయారవుతుందో కొనేవాళ్ల కోసం ఒక పేజీ రాయమన్నాను. నూలు కడతారు, రంగులో ముంచుతారు, విప్పుతారు. ఎవరు చేశారన్నది ముఖ్యం కాదు, ఏం జరిగిందన్నదే ముఖ్యం. పాసివ్ పుట్టింది అందుకే. ఆసు (నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి పోయడం) యంత్రం చేసి 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం గారి గురించి కూడా వాళ్లే ఎత్తారు. ఒక చీరకు దాదాపు 9,000 సార్లు చేయి అటూ ఇటూ ఆడించి ఆసు పోసే తల్లి భుజం నొప్పి చూడలేక ఆ యంత్రం చేసిన మనిషి ఆయన. విదేశీ కోటీశ్వరుడి పాఠం కంటే ఈయన గురించి రాసిన పేజీల్లో తప్పులు ఎక్కువ, వాక్యాలు కూడా ఎక్కువ.

ఇంతవరకు వింటే బేరమే గెలిచిందనిపిస్తుంది. నేనూ ఒక సెమిస్టర్ అలాగే అనుకుని కథలన్నీ పక్కన పెట్టేశాను. అది తప్పు.

పాలమూరు వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అమ్మాయి ఒకరు ఈ బత్తాయి చర్చల్లో ఒక్కరోజూ నోరు విప్పలేదు. 'మాకు తోట లేదు, దుకాణం లేదు మేడం' అంది, ఎందుకని అడిగితే. భూమి లేని ఇంటి పిల్లకు నా క్లాసులో మాట లేకుండా చేశానని అప్పుడు అర్థమైంది. తర్వాత ఒక తల్లీ కూతుళ్ల కథ చెప్పినప్పుడు ఆమె రెండు పేజీలు రాసింది. అమ్మానాన్నలు పుణె పనికి పోయినప్పుడు నాయనమ్మ దగ్గర ఉన్న రోజుల గురించి. టెన్స్‌లు అటూ ఇటూ అయ్యాయి, కానీ ఆ రెండు పేజీలు ఏ పిచ్‌లోనూ రావు. బాధను, దిగులును, ఎదురుచూపును చెప్పే ఇంగ్లీష్ బేరంలో దొరకదు.

ఇంకో మాట. 'ఢిల్లీ వ్యాపారితో హిందీలనే మాట్లాడుతం కదా, ఇంగ్లీష్ ఎందుకు' అని ఒక కుర్రాడు అడిగాడు. నిజమే. మన దగ్గర వ్యాపారానికి నోటి ఇంగ్లీష్ కంటే కాగితం ఇంగ్లీష్ అవసరం ఎక్కువ. బ్యాంకు లోన్ పత్రం, జీఎస్టీ నోటీసు, ఆహార సరుకైతే ప్యాకెట్ మీద లేబుల్, ఎగుమతి చేస్తే కొనేవాడి మెయిల్. కాబట్టి బేరం పాఠాల్లో స్పీచ్‌లు తగ్గించి చదవడం, రాయడం పెంచాను. సంతకం పెట్టే ముందు లోన్ పత్రంలో 'పీనల్' (గడువు దాటితే వేసే జరిమానా) అన్న మాటను పట్టుకోగలిగితే ఆ పిల్లవాడికి నేనిచ్చింది చిన్న చదువేం కాదు.

జర్మన్, జపనీస్ లాంటివి కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఈ పద్ధతి మొదటి సెమిస్టర్‌లో పెద్దగా పనికిరాదు. వంద మాటలతో తరుగు మీద వాదించలేం. అంకెలు, ధర అడగడం, ఆర్డర్ ఇవ్వడం దాకా సరిపోతుంది.

ఏది మేలని తోటి టీచర్లు అడిగితే నేను చెప్పేది ఇది. స్టార్టప్ కోటీశ్వరుల పాఠాలు వద్దు. పిల్లల ఇంటి వ్యాపారం, ఊరి వ్యాపారం మీద లెక్క తేల్చే పనులు వారానికి మూడు క్లాసులు. మిగతా రెండు క్లాసులు కథకు. వచ్చే సెమిస్టర్ మొదటి పనిగా బత్తాయి బదులు కూలి లెక్క పెడుతున్నాను. పుణెలో మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు ఎంత, రోజు కూలి ఎంత, అందులో కోతలు, దారి ఖర్చులు పోగా ఇంటికి ఎంత మిగులుతుంది? ఆ లెక్కలో నోరు విప్పాల్సింది ఆ హాస్టల్ అమ్మాయి. అంకెలు తనే రాసిస్తానంది.