ఎస్‌క్యూఎల్‌సైఫర్‌తో ఏడేళ్లు: తాళం గట్టిది, చెవి మాత్రం మన బాధ్యత

కడప ఏడురోడ్ల కూడలి దగ్గర మా వదిన నడిపే రక్తపరీక్షల ల్యాబ్‌కు ప్రోగ్రాం రాసింది నేనే. వివరాలన్నీ ఒకే ఎస్‌క్యూలైట్ (మొత్తం డేటాబేస్‌ను ఒకే ఫైలులో దాచే సాఫ్ట్‌వేర్) ఫైలులో ఉండేవి. 2018లో ఒకరోజు ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూశాను. పిచ్చి గుర్తుల మధ్య పేషెంట్ల పేర్లు, ఫోన్ నంబర్లు, హెచ్‌ఐవీ ఫలితాలు ఎవరైనా చదవగలిగేలా ఉన్నాయి. బ్యాకప్ పెన్‌డ్రైవ్ ఒక్కటి పరాయి చేతిలో పడితే చాలు, మా ఊళ్లో ఒక ఆడపిల్ల పెళ్లి ఆగిపోతుంది. హెచ్‌ఐవీ సమాచారాన్ని భద్రంగా ఉంచాలని 2017 నాటి చట్టమూ చెబుతోంది.

ఎస్‌క్యూలైట్ తయారీదారుల సొంత ఎన్‌క్రిప్షన్‌కు (డేటాను పరాయివాళ్లు చదవలేని రూపంలోకి మార్చే పద్ధతికి) డబ్బు కట్టాలి. అందుకే అదే పని చేసే, ఉచితంగా దొరికే ఎస్‌క్యూఎల్‌సైఫర్ తీసుకున్నాను. పాత ఫైలుకు నేరుగా కీ (తాళంచెవిలాంటి రహస్య సంకేతం) ఇస్తే 'ఇది డేటాబేస్ కాదు' అన్న ఎర్రర్ వచ్చింది. కొత్త ఎన్‌క్రిప్టెడ్ ఫైలును జతచేసి, అందులోకి ఎక్స్‌పోర్ట్ చేయాలని తర్వాత తెలిసింది. ఎస్‌క్యూఎల్‌సైఫర్ ప్రతి పేజీని, అంటే ఫైలులోని ప్రతి ముక్కనూ, ఏఈఎస్-256 అనే గట్టి ఎన్‌క్రిప్షన్ పద్ధతితో మూస్తుంది. రాత మధ్యలో ఆగితే డేటాను సరిచేయడానికి ఎస్‌క్యూలైట్ పక్కన రాసుకునే జర్నల్ ఫైలులోకి వెళ్లే పేజీలూ అలాగే మూసి ఉంటాయి. వేసవి కరెంటు కోతల్లో కంప్యూటర్ ఎన్నిసార్లు ఆగినా ఒక్క రికార్డూ చెడలేదు.

నాలుగో వెర్షన్‌కు మారాక ప్రోగ్రాం నెమ్మదించింది. తప్పు నాదే. పాస్‌వర్డ్ నుంచి కీ తయారుచేయడానికి అది 2,56,000 సార్లు లెక్క కడుతుంది. నేనేమో ప్రతి రిపోర్టుకూ డేటాబేస్ కనెక్షన్ తెరిచి మూస్తున్నాను. ఉదయం ఒకసారి తెరిచి సాయంత్రం దాకా ఉంచితే ఆ బాధ తీరింది.

అసలు కష్టం కీని దాచడంలో ఉంది. మొదట సెట్టింగుల ఫైలులో, డేటాబేస్ పక్కనే పెట్టాను. ఇంటికి తాళం వేసి చెవిని గుమ్మానికే తగిలించినట్టు అది. తర్వాత విండోస్ సొంత రక్షణకు అప్పగించాను. 2021లో హార్డ్‌డిస్క్ పోయి విండోస్ మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది. పాత ఖాతాతో పాటే కీ కూడా పోయింది. బ్యాకప్ ఫైలు చేతిలోనే ఉంది, అయినా తెరుచుకోదు! వదిన బ్యాంకు లాకర్లో పెట్టిన కవరులో పాస్‌వర్డ్ కాగితం ఉండబట్టి మూడేళ్ల రికార్డులు దక్కాయి. ఆ కవరు లేకపోతే ఎవరూ ఏమీ చేయలేరు. మీరు వాడదలిస్తే కోడ్ కంటే ముందు ఆ కాగితం రాయండి.

ప్రోగ్రాం తెరిచి ఉన్నప్పుడు కుర్చీలో కూర్చున్న మనిషిని ఎస్‌క్యూఎల్‌సైఫర్ ఆపదు. వాట్సాప్‌లో పంపే పీడీఎఫ్‌నూ కాపాడదు. అందుకే పీడీఎఫ్‌కు వేరే పాస్‌వర్డ్ పెట్టాను. ఎన్‌క్రిప్షన్‌కు ముందు తీసిన బ్యాకప్‌ల కోసం ల్యాబ్ సొరుగులన్నీ వెతికితే మూడు పెన్‌డ్రైవ్‌లు దొరికాయి. డిలీట్ చేసినా తిరిగి తీయవచ్చు కాబట్టి, మూడింటినీ వదిన ముందే సుత్తితో పగలగొట్టాను.